ఒంటిగది కాపురములు - పసిబిడ్డల ఆయువు

1921వ సంవత్సరమున బొంబాయి నగరములో ఏడాది నిండకముందే మరణించిన శిశువుల లెక్కను అచ్చటి ఆరోగ్యశాఖవారు ఇంటిలోని గదుల సంఖ్యనుబట్టి విభజించి చూపిరి. నాలుగు గదులుగాని అంతకు మించిగాని గల ఇండ్లలో, నమోదైన ప్రతి వేయి జననములకు 133 మంది శిశువులు మరణించిరి. మూడు గదుల ఇండ్లలో ఈ సంఖ్య 191. రెండు గదుల ఇండ్లలో 322. ఒకే గదిలోగాని, అందులో కొంత భాగమునగాని కాపురమున్నవారిలో ఈ సంఖ్య 828! నగరము ఒక్కటే. గాలి ఒక్కటే, ఎండ ఒక్కటే, వాన ఒక్కటే. చెరువులనుండి గొట్టములగుండా వచ్చు నీరును ఒక్కటే. అయినను, గది తరిగినకొలదియు పసిబిడ్డ బ్రతుకుటకు గల అవకాశము తరిగిపోయినది. మహానగరములు వేగముగా పెరుగునపుడు వాటిలోని పేదల శిశువులకు ఏమి సంభవించునో తెలిసికొనగోరువారికి ఈ నాలుగంకెలకంటె స్పష్టమైన పాఠము మరియొకటి దొరకుట దుర్లభము.

కాని చరిత్ర చదువువారు అంకెలను చూచి వెంటనే నమ్మరాదు. వేయి మంది పుట్టగా 828 మంది ఏడాదిలోపల చనిపోవుట నిజమేనా? నిజమైనచో ఆ పేటలు కొలది తరములలో నిర్మానుష్యములు కావలసినదే. ఇచ్చట మన దేశాచారము నొకదానిని జ్ఞాపకముంచుకొనవలెను. పురిటికి ఆడపిల్ల పుట్టింటికి పోవును. బొంబాయి మిల్లులలో పనిచేయు కుటుంబముల పుట్టిండ్లు రత్నగిరి, సతారా మొదలైన జిల్లాల పల్లెలలో ఉండెను. బిడ్డ పుట్టుక అచ్చటి గ్రామము లెక్కలోనికి చేరును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో తల్లి బిడ్డనెత్తుకొని బొంబాయికి తిరిగివచ్చును. ఆ బిడ్డ చనిపోయినచో ఆ మరణము మాత్రము బొంబాయి లెక్కలో పడును. అదియును గాక, ఒంటిగదులలో పుట్టిన బిడ్డల జననమును నమోదు చేయించు తీరిక ఎందరికో లేకుండెను. ఈ రెండు కారణములచేత ఆ అంకె నిజముకంటె మిక్కిలి పెద్దదిగా కనుపించినది. ఈ సంగతిని ఆనాటి అధికారులును ఎరుగుదురు. అయినను ఎంత తగ్గించి చూచినను, మిగిలినది సామాన్యమైన విషాదము కాదు. 1921లో నగరమంతటికి కలిపి వేయింటికి 660కి పైగా నున్న సంఖ్య ఆ దశాబ్దము చివరకు 300 ప్రాంతమునకు దిగినది. అనగా, లెక్కలు కొంత చక్కబడిన తరువాతను, బొంబాయిలో పుట్టిన ప్రతి పదిమందిలో ముగ్గురు మొదటి పుట్టినరోజును చూడలేదు.

ఈ స్థితి ఏ విధముగా ఏర్పడినది? 1854లో కావస్జీ దావర్ అను పారసీ వర్తకుడు బొంబాయిలో మొదటి నూలు మిల్లునకు పునాది వేసెను. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన 1861-65 సంవత్సరములలో మన దేశపు ప్రత్తికి అపూర్వమైన గిరాకి ఏర్పడి, ఆ నగరములోనికి ధనము వరదవలె వచ్చినది. ధనము వెంట మిల్లులు, మిల్లుల వెంట మనుష్యులు వచ్చిరి. 1872 జనాభా లెక్కలో 6,44,405గా నున్న జనసంఖ్య 1921 నాటికి 11,75,914కు చేరినది. మూడు ప్రక్కల సముద్రముగల ఇరుకైన దీవి అది. భూమి పెరుగలేదు. జనము పెరిగిరి. పనిచోటికి నడచిపోగలిగినంత దూరములోనే కార్మికుడు ఇల్లు వెదకుకొనవలసి వచ్చెను. ఆ అవసరమును కనిపెట్టిన యజమానులు నాలుగైదంతస్తుల కట్టడములు లేపి, ఒక్కొక్క అంతస్తులో వరుసగా ఒంటిగదులు పేర్చి అద్దెలకిచ్చిరి. వీటినే మరాఠీలో చాళ్లు అందురు. 1921 నాటికి నగరవాసులలో సుమారు మూడింట రెండు వంతులమంది ఇట్టి ఒంటిగదులలోనే కాపురముండిరి.

ఇది ఒక్క బొంబాయికే ప్రత్యేకమైన విపత్తు కాదు. అంతకు ఎనుబదేండ్లకు ముందే ఇంగ్లండులో ఈ కథయే నడచినది. 1801లో సుమారు 75 వేల జనసంఖ్య గల మాంచెస్టరు 1851 నాటికి మూడు లక్షలు దాటినది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ అను ఉద్యోగి కార్మికుల ఆరోగ్య పరిస్థితులపై ప్రకటించిన నివేదికలో ఒక పోలిక కలదు. మాంచెస్టరులో సంపన్న కుటుంబములవారు మరణించు సగటు వయస్సు 38 ఏండ్లు, కార్మిక కుటుంబములవారిది 17 ఏండ్లు. రట్లండు అను పల్లెసీమలో కూలివారి సగటు 38 ఏండ్లు. అనగా పల్లెలోని కూలివాని కుటుంబమును, నగరములోని శ్రీమంతుని కుటుంబమును ఈ విషయమున సమానముగా నుండెనన్నమాట. పదునేడు ఏండ్ల సగటు అనగా యువకులందరును పదునేడవ ఏట చనిపోయిరని అర్థము కాదు. ఎందరో శిశువులు పొత్తిళ్లలోనే రాలిపోవుటచేత సగటు అంతగా క్రుంగినది. ఇంగ్లండు, వేల్సులలో శిశుమరణములు పందొమ్మిదవ శతాబ్దమంతయు వేయింటికి 150 ప్రాంతముననే నిలిచియుండి, 1899లో 163కు పెరిగి, 1912 నాటికిగాని నూటికి తక్కువ కాలేదు. ఆవిరియంత్రములు, రైళ్లు, టెలిగ్రాఫులు వచ్చిన అరువది యేండ్లలో పసిబిడ్డ ఆయువు మాత్రము పెరుగలేదు. ఐశ్వర్యము తనంత తాను ఊయెల వరకు నడచి రాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మరల బొంబాయికి వత్తము. ఆ ఒంటిగదిలో బిడ్డను చంపినదేది? నీరు లేకపోలేదు. 1860లో విహార్ చెరువునుండియు, 1892లో తాన్సా చెరువునుండియు నగరమునకు గొట్టపు నీరు వచ్చినది. కాని చాళ్లలో పెక్కు కుటుంబములకు కలిపి ఒక కొళాయి, ఒక మరుగుదొడ్ల వరుస. నీరు పట్టి గదిలో నిలువయుంచుకొనవలెను. ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే పడక, ఆ గదిలోనే రోగి, ఆ గదిలోనే పురుడు. అద్దె భారమును పంచుకొనుటకు ఊరినుండి వచ్చిన బంధువులును, భోజనము పెట్టించుకొను ఒంటరి కార్మికులును అందులోనే తలదాచుకొనుచుండిరి. ఒకనికి దగ్గు వచ్చిన అందరికి వచ్చును. మసూచియైనను, తట్టైనను, క్షయయైనను గదిలో నొకరికి సోకినపుడు పసిబిడ్డను దూరముగా నుంచుటకు వేరొక మూల యుండదు. నిలువనీటిలో చేయి ముంచి త్రాగించిన పాలు అతిసారమునకు దారి తీయును. మురికి కత్తితో బొడ్డు కోసినచో ధనుర్వాతము వచ్చును. గదుల సంఖ్య పెరిగినకొలది మరణములు తగ్గుటలోని రహస్యమిది. గదులు ఎక్కువగల ఇంటిలో గోడలు మాత్రమే ఎక్కువ కావు. నీరు, వెలుతురు, తిండి, తల్లికి తీరిక, వైద్యునకు ఇచ్చుటకు రూపాయి, ఇవన్నియు ఎక్కువయే. గదుల లెక్క నిజముగా కుటుంబపు రాబడి లెక్క.

1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో ప్లేగును డాక్టరు అకాషియో వియేగాస్ గుర్తించిన తరువాత ప్రభుత్వమువారికి ఈ ఇండ్ల సంగతి పట్టినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు నొకదానిని స్థాపించిరి. వారు ఇరుకు పేటలను కూల్చి విశాలమైన వీధులు వేసిరి. కాని కూల్చినంత వేగముగా పేదలకు ఇండ్లు కట్టలేదు. ఇల్లు పోయినవారు ప్రక్కపేటలోని చాళ్లలో ఇంకను ఇరుకుగా సర్దుకొనిరి. ఒక పేటలో గాలి ఆడినది, మరియొక పేటలో ఊపిరి ఆగినది. 1920 తరువాత వేరొక ప్రభుత్వశాఖవారు 50 వేల గదులు కట్టదలచి, వర్లీ, నాయిగాం, శివడీ, డిలైల్ రోడ్డులలో 207 కాంక్రీటు చాళ్లు మాత్రము కట్టిరి. వాటిలోను ఇంటికి ఒక్కటే గది. చాళ్లు లేచినవి గాని, ఒంటిగది కాపురము తప్పలేదు.

ఇక తల్లుల సంగతి. 1922 నాటి ఫ్యాక్టరీ చట్టము పెద్దవారి పనిదినమును 11 గంటలకు పరిమితము చేసినది. ఈ పరిమితి వచ్చుటయే ఒక ఉపకారముగా భావింపబడిన దినములవి. సూర్యోదయమునకు ముందు వంటచేసి మిల్లునకు పోయి దీపములవేళకు తిరిగివచ్చు తల్లి తన మూడునెలల బిడ్డను ఏమి చేయవలెను? కొందరు ముసలివారికి అప్పగించిరి. కొందరు మిల్లులోనికే తెచ్చి, నూలు దుమ్ములో, యంత్రముల రొద నడుమ పరుండబెట్టిరి. బిడ్డ ఏడువకుండుటకు నల్లమందు పెట్టిరి. బొంబాయిలో దీనిని 'బాలగోళీ' అని మాత్రలుగా అమ్ముచుండిరి. 1922లో డాక్టర్ బార్న్స్ అను వైద్యురాలు ప్రభుత్వము పక్షమున విచారణ జరిపి, మిల్లులలో పనిచేయు స్త్రీల బిడ్డలలో నూటికి 98 మందికి నల్లమందు అలవాటు చేయబడినదని తెలిపెను. నల్లమందు తిన్న బిడ్డకు ఆకలి తెలియదు. ఆకలి తెలియని బిడ్డ పాలు త్రాగదు. పాలు త్రాగని బిడ్డ చిక్కిపోవును. అట్లు చిక్కిన బిడ్డను చిన్న జ్వరమైనను తీసికొనిపోవును. మాంచెస్టరు తల్లులును ఇదే పని చేసిరి. నల్లమందు కలిపిన 'గాడ్‌ఫ్రీ కార్డియల్' అను తీయని ద్రవమును చెంచాలతో పోసిరి. భాష వేరు, మతము వేరు, రంగు వేరు. మిల్లు గంట ఒక్కటే కనుక తల్లులు కనుగొన్న ఉపాయమును ఒక్కటే అయినది.

దీనిని చూచి ఆనాడు ఎందరో పెద్దలు తల్లుల అజ్ఞానమే శిశుమరణములకు కారణమని తీర్పు చెప్పిరి. నల్లమందు మంచిదని ఎవరందురు? కాని తీర్పు చెప్పుటకు ముందు ఒక ప్రశ్న వేయవలసియున్నది. అదే తల్లికి బిడ్డతో మూడు నెలలు ఇంటియొద్ద నుండుటకు కూలి దొరకినచో ఆమె నల్లమందు పెట్టునా? ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డు పట్టణమునకు బెంజమిన్ బ్రాడ్‌బెంట్ అను మేయరు 1904లో తన పదవీకాలమున లాంగ్‌వుడ్ పేటలో పుట్టు ప్రతి బిడ్డకు మొదటి పుట్టినరోజున ఒక పౌను ఇత్తునని ప్రకటించెను. ఆ ప్రకటనతో పాటు ఇండ్లకు వచ్చి సలహాలు చెప్పు స్త్రీలును ఏర్పడిరి. ఆ పేటలో మరణములు తగ్గినవి. అక్కడి తల్లులు ఒక్క ఏటిలో పండితులైరని చెప్పలేము. తమ బిడ్డ బ్రతుకవలెనని ఊరు కోరుచున్నదను సంగతి వారికి తెలిసినది. దాని వెంట సహాయమును వచ్చినది.

బొంబాయిలో ఈ సంగతి శాసనసభ వరకు వచ్చుటకు 1928 వరకు పట్టినది. ఆ సంవత్సరము జూలైలో ప్రసూతి సహాయపు బిల్లు చర్చకు రాగా, డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ దానిని బలపరచుచు ప్రసంగించిరి. ప్రసవమునకు ముందును తరువాతను తల్లికి విశ్రాంతి కలిగించుట దేశహితమనియు, స్త్రీల శ్రమవలన లాభము పొందు యజమాని ఆ భారములో పాలు పంచుకొనుట న్యాయమనియు వారు వాదించిరి. 1929లో బిల్లు చట్టమైనది. మన దేశమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది. మిల్లు స్త్రీకి పురిటి వారములలో కూలి సహాయము దొరకసాగినది. 1934లోను, 1948లోను వచ్చిన ఫ్యాక్టరీ చట్టములు మిల్లులలో బిడ్డలకొరకు శిశుగృహములను ఏర్పరచు మార్గము చూపినవి. కాని మంచి చట్టమునకు కూడ నీడ యుండును. తరువాతి దశాబ్దములలో బొంబాయి మిల్లులలో స్త్రీల సంఖ్య క్రమముగా తరిగినది. యంత్రములు మారుట, రాత్రిపని నిషేధములు, ప్రసూతి ఖర్చు, ఇవన్నియు కలిసి యజమానులను పురుషులవైపు మొగ్గించినవి. స్త్రీలు ఇండ్ల పనులలోనికి, కట్టడముల పనిలోనికి, బీడీలు చుట్టుటలోనికి, అనగా చట్టము చేయి చాచినను అందని చోట్లలోనికి పోయిరి. 1961లో ప్రసూతి సహాయము దేశమంతటికి చట్టమైనది. 2017లో సెలవు 26 వారములకు పెరిగినది. ఇటుకలు మోయు తల్లికి మాత్రము ఆ సెలవు చేరుట నేటికిని కష్టముగానే యున్నది.

వైద్యశాస్త్రమును మరువరాదు. మన దేశమున మొట్టమొదట మసూచి టీకా ఫలించినది బొంబాయిలోనే, ఒక పసిబిడ్డకే. 1802 జూన్ 14వ తేదీన ఆనా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు టీకా వేసిరి. ఆమె చేతి పొక్కునుండి తీసిన రసమే ఇతరులకు చేరినది. అయినను మసూచి మన దేశమునుండి తొలగుటకు 1975 వరకు పట్టినది. టీకా మన దేశమున మొదట ఫలించుటకును, అది చివరి గుడిసెకు చేరుటకును మధ్య నూటడెబ్బదిమూడేండ్లు గడచినవి. 1971లో బంగ్లాదేశము నుండి వచ్చిన లక్షలాది శరణార్థులు బనగాం శిబిరములలో క్రిక్కిరిసియుండగా కలరా వ్యాపించెను. నరములలోనికి ఎక్కించు ద్రవము నిండుకొనినది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని బంధువులచేతనే రోగులకు త్రాగించిరి. నూటికి ముప్పదిమంది వరకు మరణించుచుండిన చోట మరణములు నూటికి నలుగురికి లోపునకు దిగినవి. ఇరుకు బస్తీలలో బిడ్డలను దశాబ్దములుగా హరించిన అతిసారమునకు అణాలలో దొరకు మందు లభించినది. ఆ మందును తల్లి చేతులే కలుపవలెను. అజ్ఞానులని నిందింపబడిన ఆ చేతులే కోట్లాది బిడ్డలను నిలిపినవి.

బొంబాయి కథ తెలుగువారికి పరాయిది కాదు. ఆ నగరములోని కామాఠీపుర మను పేటకు ఆ పేరు వచ్చినది నిజాము రాజ్యమునుండి కట్టడముల పనికి వలసపోయిన తెలుగు కామాఠీల వలననే. మేడలు కట్టినది వారు, ఇరుకు గదులలో నున్నదియు వారే. తరువాతి కాలమున కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు మగ్గము గుంటలు విడిచి వర్లీ, లోయర్ పరేలు మిల్లులకు పోయిరి. ఆ 1921 నాటి లెక్కలలో పేర్లు లేకుండ కలిసిపోయిన బిడ్డలలో తెలుగు జోలపాటలు విన్నవారును ఉండిరనుటలో సందేహము లేదు.

నేడు అంకెలు మారినవి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున వేయి జననములకు 35 మంది శిశువులు ఏడాదిలోపల మరణించిరి. పల్లెలలో 38, పట్టణములలో 27. ఒకనాడు శిశువులకు మృత్యుముఖముగా నుండిన నగరము నేడు పల్లెకంటె సురక్షితమైనది. ఇది సామాన్యమైన విజయము కాదు. గొట్టపు నీరు, టీకాలు, ఆసుపత్రి పురుళ్లు, చదువుకొన్న తల్లులు కలిసి సాధించిన విజయమిది. నగరము స్వభావముచేత బిడ్డలను చంపునది కాదనియు, నీరు, గది, కూలి, విశ్రాంతి కరవైన నగరమే చంపుననియు ఈ నూరేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

కాని పట్టణములలో 27 అను మాటతో తృప్తి చెందరాదు. సగటు అనునది మేడను, గుడిసెను ఒకే తక్కెడలో పెట్టి తూచును. 2011 జనాభా లెక్కల ప్రకారము మురికివాడలలో నున్న కుటుంబముల పాలు బొంబాయి మహానగరములో నూటికి 41కి పైగా నుండెను. పదిలక్షలు మించిన నగరములలో అంతకంటె హెచ్చుగా, అన్నిటికంటె మొదటి స్థానమున నున్నది మన విశాఖపట్టణము. అచ్చట నూటికి 44 కుటుంబములు మురికివాడలలో నుండెను. విజయవాడలో నూటికి 40కి మించి యుండెను. వేగముగా పెరుగుచున్న మన ఊళ్లు కూడ నాటి బొంబాయి నడచిన దారిలోనే కొంతదూరము నడచినవని ఈ లెక్కవలన తెలియుచున్నది.

1842లో చాడ్విక్ తరగతులనుబట్టియు, 1921లో బొంబాయి అధికారులు గదులనుబట్టియు మరణములను విడదీసి లెక్కించిరి. వారి లెక్కలలో తప్పులుండవచ్చును. కాని సగటు వెనుక దాగిన బిడ్డలను వారు బయటికి తెచ్చిరి. ఆ అంకెలను చూచిన తరువాత నీటి కొళాయిలకొరకు, ఇండ్లకొరకు, ప్రసూతి చట్టముకొరకు వాదించువారికి ఆధారము దొరకినది. మన పురపాలక సంఘములును జననమరణములను వాడవాడకు విడదీసి, ఏ వీధిలో ఎన్ని ఇండ్లకు ఒక కొళాయి కలదో, ఆ వీధిలో ఎందరు బిడ్డలు మొదటి పుట్టినరోజు జరుపుకొనిరో ప్రతి సంవత్సరము ప్రజలయెదుట ఉంచవలెను. ఆ లెక్కను చదివిన పౌరుడు తన వార్డు సభ్యుని అడుగవలసిన మొదటి ప్రశ్న ఏదో అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.